మందిరం గోడ: విజయనగరం నుంచి పొందూరు దాకా

గురువారం, విజయనగరం

ఉత్తరాంధ్ర క్రైస్తవులకు తమ పాట ఎప్పుడో దొరికింది. తమ బొమ్మ మాత్రం ఇంకా దొరకలేదు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. పర్లాకిమిడి నుంచి ఈ సర్కారు జిల్లాల్లో సువార్త చెప్పుకుంటూ తిరిగాడు. ఆయన రాసిన కీర్తనలు ఇప్పటికీ ఆదివారం ఆరాధనలో పాడుతున్నాం. పాత కీర్తనల పుస్తకం తెరవండి, పాట నెత్తిన రాగం పేరూ తాళం పేరూ అచ్చేసి ఉంటాయి. అవి మన రాగాలు, పాడే గొంతులూ మనవే. మరి అదే మందిరంలో కళ్లెత్తి చూస్తే ఏముంది? ఆ ప్రశ్న పట్టుకునే దసరా సెలవుల్లో నేనూ మా తమ్ముడూ బండి మీద బయల్దేరాం. నేను స్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. వాడు మా సంఘంలో కీబోర్డ్ వాయిస్తాడు.

పైడితల్లి పండగ దగ్గర పడుతోందేమో, ఊరంతా సందడిగా ఉంది. విజయనగరం అంటే అందరికీ ఫిడేలు, హరికథ, 1919లో పెట్టిన సంగీత కళాశాల గుర్తొస్తాయి. చిత్రకళకీ ఈ నేల గొడ్డుబోలేదు. అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని వచ్చి ఇక్కడే పిల్లలకి బొమ్మలు నేర్పాడు. చందమామ అట్టల మీద మనం కళ్లార్పకుండా చూసిన బొమ్మల వడ్డాది పాపయ్య 1921లో పుట్టింది శ్రీకాకుళంలో. ఇంత మంది చేయి తిరిగినవాళ్లున్న చోట మన మందిరాలు వాళ్లనెవరినీ పిలిచినట్టు లేదు.

మేం వెళ్లింది బాప్టిస్టు మందిరానికి. కెనడా మిషనరీలు 1870ల తర్వాత భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు కట్టుకుంటూ వచ్చిన రకం. ఎత్తైన కప్పు, మందపాటి గోడలు, పొడుగు కిటికీలు, తెల్ల సున్నం. ప్రసంగ వేదిక వెనక ఒక చెక్క సిలువ, దాని పైన నీలం రంగుతో రాసిన వాక్యం, పక్కన ఈ ఏడాది వాగ్దాన వచనం ఫ్లెక్సీ. ఇంకేమీ లేవు. ఆ ఖాళీ నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే. ఎండ కిటికీలోంచి వచ్చి గోడ మీద మెల్లగా జరుగుతుంటే ప్రార్థనలో మనసు నిలిచేది. కాబట్టి ఖాళీ గోడని తక్కువ చేసి మాట్లాడలేను.

తాళం తీసిన సంఘ పెద్దగారిని అడిగాను, ఇక్కడ బొమ్మ వేయిస్తే ఏమవుతుందని.

"నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం చదవలేదామ్మా?" అన్నారు. విగ్రహం చేసుకోవద్దన్న ఆజ్ఞ ఉన్నది అక్కడే.

"చదివానండి. అదే పుస్తకంలో ముప్పై ఒకటో అధ్యాయం కూడా చదివాను. బెసలేలుని దేవుడు తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, రాయి, చెక్క పని చెయ్యడానికే కదా?"

ఆయన కాసేపు ఆలోచించి, "బెసలేలు చేసింది గుడారం తల్లీ, దేవుడి ముఖం చెయ్యలేదు" అన్నారు.

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. మంచి మాట అది. ముఖం గీయాలంటే ఎవరికైనా చేయి వణకాలి.

తర్వాత టీకి వాళ్లింటికి తీసుకెళ్లారు. హాల్లో గోడకి యేసు ప్రభువు పటం ఉంది. గోధుమ రంగు జుట్టు, పక్కకి తిరిగిన ముఖం, నుదుటి మీద వెలుగు. మనలో చాలా మందికి ప్రభువు అనగానే కళ్ల ముందుకొచ్చే రూపం అదే. దాన్ని వార్నర్ సాల్మన్ అనే చికాగో చిత్రకారుడు 1940లో వేశాడు. తర్వాత కోట్ల ప్రతులు అచ్చయి ప్రపంచమంతా తిరిగాయి. పెద్దగారి భార్య ఆ పటం కింద నిలబడి కొడుకు ఉద్యోగం కోసం ప్రార్థన చేసేదట. ఆమె కన్నీళ్లు నిజమైనవి, పటం ఎక్కడిదైతేనేం అనుకోవచ్చు. కానీ నాకు వేరే ఆలోచన వచ్చింది. మందిరంలో మనం బొమ్మ వద్దనుకున్నంత మాత్రాన మనసులో గోడ ఖాళీగా ఉండిపోలేదు. ఎవరో వచ్చి వేసేశారు. వేసింది మనం కాదు, అంతే.

శుక్రవారం, బొబ్బిలి మీదుగా పాలకొండ

గొల్లపల్లిలో వీణలు చేసే ఇళ్ల దగ్గర ఆగాం. సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా చేస్తున్న పని ఇది. పనస దుంగ ఒక్కదాన్నే తొలిచి కుండ, దండి కలిపి ఒకే చెక్కలో తీసే ఏకాండీ వీణ వీళ్ల గొప్పతనం. పనివాడి పక్కన కూర్చుంటే పచ్చి పనస చెక్క వాసన, ఉలి చప్పుడు. వడ్రంగి కొడుకైన ప్రభువు ముప్పై ఏళ్లు ఇలాంటి వాసనలోనే బతికి ఉంటాడు కదా అని తమ్ముడితో అన్నాను. చర్చి వాళ్ల కోసం ఎప్పుడైనా ఏమైనా చేశారా అని అడిగితే ఆయన, "అడిగితే చేస్తామమ్మా. ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నాడు. చిన్న వీణల బహుమతులు మాత్రం పాస్టర్ల సన్మానాలకి కొంటూ ఉంటారట.

రాత్రి పాలకొండ లాడ్జిలో కరెంటు పోయింది. సెల్ వెలుతురులో తమ్ముడికి నా దగ్గరున్న అచ్చు బొమ్మలు చూపించాను. పులిదిండి సాల్మన్ రాజ్ గారివి. 1921లో పుట్టిన మన తెలుగు లూథరన్ పాస్టర్, విజయవాడలో ఉండి పని చేసిన కళాకారుడు. గుడ్డ మీద కరిగిన మైనంతో గీసి, రంగులో ముంచి, మళ్లీ మైనం పెట్టి, మళ్లీ ముంచి తీసే బాతిక్ ఆయన పద్ధతి. చెక్క మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలూ చాలా ఉన్నాయి. ఇల్లు వదిలి పారిపోయేవాళ్లు, అణగారినవాళ్లు, వాళ్ల మధ్య క్రీస్తు. బాతిక్‌లో మైనం పగిలిన చోట రంగు దూరి సన్నటి గీతలు పడతాయి. ఆ గీతలు ఎక్కడ పడతాయో కళాకారుడి చేతిలో పూర్తిగా ఉండదు. విశ్వాసి అయిన చిత్రకారుడికి ఇంతకంటే తగిన పద్ధతి ఉందా అనిపిస్తుంది నాకు.

"ఇలాంటాయన ఉన్నట్టు మన సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదేంటక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆయన ఒక్కడే కాదు. గోవాలో పుట్టిన ఆంజెలో ద ఫొన్సేకా శాంతినికేతన్‌లో అవనీంద్రనాథ్, నందలాల్‌ల దగ్గర నేర్చుకుని మరియమ్మకు చీర కట్టి బొమ్మలు వేశాడు. సొంత ఊరివాళ్లే ఒప్పుకోకపోతే పూణే వెళ్లి అక్కడి ఆశ్రమంలో ఉండి పని చేసుకున్నాడు. జామినీ రాయ్ క్రైస్తవుడు కాదు, అయినా బెంగాలీ పటచిత్రాల పద్ధతిలో పెద్ద పెద్ద కళ్ల క్రీస్తుని ఎన్నో సార్లు వేశాడు. వాళ్ల గురించి చెబుతూ ఉండగానే తమ్ముడు నిద్రపోయాడు.

శనివారం, సీతంపేట

సీతంపేట 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలోదే, ఇప్పుడు పార్వతీపురం మన్యం. పాలకొండ దాటగానే కొండలు దగ్గరికొస్తాయి. సంతలో ఒక సవర గిరిజన కుర్రాడు మా కోసం ఎదురు చూస్తున్నాడు. మేళాల్లో గుడ్డ మీదా కాన్వాస్ మీదా సవర బొమ్మలు వేసి అమ్ముతాడు. ఒక ఎగ్జిబిషన్‌లో నాకు పరిచయం. వాళ్ల ఊరికి నడిచే వెళ్లాం.

సవర గోడ బొమ్మలు తెలియని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. ఎర్రమట్టి అలికిన లోపలి గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, చివర నలిపిన పుల్లతో గీస్తారు. ముందు ఒక నలుచదరం. అది ఇల్లు. లోపల వరస మీద వరసగా మనుషులు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్లు, బల్లులు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. చనిపోయిన పెద్దల కోసం, రోగం పోవడం కోసం, పంట కోసం వేసేవారు. బొమ్మ వేస్తే ఆ పెద్దలు వచ్చి అందులో ఉంటారని నమ్మకం. 1940లలో మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ఈ కొండలకు ఒడిశా వైపు తిరిగి రాసుకునేనాటికే ఆ గోడల మీదికి రైలు, విమానం, సైకిలు ఎక్కేశాయి. మనం సమకాలీన కళ అని పట్నంలో పేరు పెట్టి చెప్పుకునే గుణం వీళ్ల గోడకి ఎప్పటి నుంచో ఉంది. కంటపడిన కొత్త సంగతినల్లా లోపలికి రానిచ్చింది.

ఆ ఊళ్లో ఇప్పుడు చాలా ఇళ్లు క్రైస్తవులవే. గోడలు శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి. కుర్రాడి తాతని అడిగాను, బొమ్మలు ఎప్పుడు పోయాయని. ఆయన సవరలో చెబితే మనవడు తెలుగు చేశాడు.

"బాప్తిస్మం అయిన వారంలోనే అలికేసినాం అంటన్నాడు మేడమ్."

"బాధ అనిపించలేదా?"

తాత నవ్వాడు. పెద్దలు అడుగుతున్నారంటూ మేక, దున్నపోతు బలిచ్చి, దానికి షావుకారు దగ్గర అప్పు చేసి, ఆ అప్పుకి చెట్టూ పుట్టా రాసిచ్చిన రోజులు చెప్పుకొచ్చాడు. రోగం వస్తే భయం, చావు వస్తే భయం. "ఇప్పుడు ప్రార్థన చేసుకుని పడుకుంటే నిద్ర పడతాది" అన్నాడట. ఆ మాట విన్న తర్వాత, గోడ అలికేయడం తప్పని ఎవరైనా పట్నం నుంచి వచ్చి చెబితే నేను ఊరుకోను. ఒడిశా వైపు సవరల మధ్య 1970ల నుంచి ఏళ్ల తరబడి గడిపిన మానవశాస్త్రవేత్త పియర్స్ వితెబ్‌స్కీ కూడా ఈ రెండు వైపులూ రాశాడు. కొత్త తరం బాప్టిస్టులయ్యాక దిగిన బరువూ, చనిపోయిన వాళ్లతో మాట్లాడుకునే దారి మూసుకుపోయాక మిగిలిన దుఃఖమూ.

కుర్రాడు అప్పుడు లోపలికెళ్లి చుట్టిన గుడ్డ ఒకటి తెచ్చి పరిచాడు. ఎరుపు నేల మీద తెల్ల గీతలు. నలుచదరం ఉంది. దాని అంచున తోరణంలా త్రికోణాల వరస. లోపల మధ్యలో ఒక ఆడమనిషి, ఆమె ఒడిలో చుక్కంత బిడ్డ. చుట్టూ మేకలు, వాటి వెనక గొంగళ్లు కప్పుకున్న కాపర్లు. పైన నెమళ్ల పక్కనే దేవదూతలు, వాళ్లకీ నెమలి తోకలే. కింద వరసలో ముగ్గురు మోటారు సైకిళ్ల మీద వస్తున్నారు, తూర్పు జ్ఞానులు. మూల ఒక బల్లి.

నాకు మాట రాలేదు. చనిపోయినవాళ్లు వచ్చి ఉండడానికని గీసే ఇల్లు అది. అందులోకి సత్రంలో చోటు దొరకని బిడ్డని తెచ్చి పెట్టాడు. వాక్యం శరీరం ధరించి మన మధ్య కాపురం ఉండడం అంటే ఏంటో ఎన్నో క్రిస్మస్ ప్రసంగాలు విన్నాను. అంత సూటిగా ఎవరూ చూపించలేదు.

మందిరంలో పెడతారా అని ఆ ఊరి పాస్టర్ గారిని అడిగాం. ఆయనా సవరే, చిన్న వయసు. గుడ్డని చాలాసేపు చూశారు. "బాగుంది. నాకు బాగుంది. కానీ ఆ నలుచదరం చూస్తే మా ముసలోళ్లకి పాతదే గుర్తొస్తాదమ్మా. దాని ముందు గిన్నె పెట్టేస్తారేమో అని నా భయం. మీకది డిజైను. మాకు కాదు" అన్నారు.

విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి పౌలు కొరింథీయులకు రాసినప్పుడు ఇదే ఇబ్బంది. తిన్నవాడికి తప్పు లేకపోవచ్చు, పక్కనున్న బలహీనుడి మనస్సాక్షి దెబ్బతింటే? ఆర్ట్ గ్యాలరీలో ఈ ప్రశ్న పుట్టదు. మందిరంలో పుట్టి తీరుతుంది. అందుకే ఆ పాస్టర్ గారి భయాన్ని నేను వెనకబాటుతనం అనలేను. బొమ్మకి బలం ఉందని ఆయన నాకంటే గట్టిగా నమ్ముతున్నాడు.

ఇంతలో కుర్రాడి నాయనమ్మ వచ్చి గుడ్డ మీదికి వంగింది. బల్లిని చూసి మురిసిపోయింది. తర్వాత ఏదో అడిగింది, అందరూ నవ్వారు. కుర్రాడు మాత్రం నవ్వలేదు.

"ఏమంటోంది?"

"పురుడు పోసిన మనిషి ఏదీ అంటంది మేడమ్. బిడ్డ ఒట్టినే పుట్టేస్తాదా అంటంది."

లూకా రాయలేదు, మత్తయి రాయలేదు. ఆ కొండ మీద ఎందరు బిడ్డలకు బొడ్డు కోసిందో ఆమె అడిగింది. ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఆమెకి పాత బలిగోడ గుర్తున్నట్టు నాకైతే కనపడలేదు. పాస్టర్ గారు కూడా అది గమనించారు. క్రిస్మస్‌కి ముందు సండే స్కూలు గదిలో పెట్టి చూద్దాం, పెద్దవాళ్లు ఏమంటారో విందాం అన్నారు. నాకది చాలా పెద్ద మాట.

సాయంత్రానికి కొత్తూరు, హిరమండలం మీదుగా శ్రీకాకుళం చేరాం. దారంతా తమ్ముడు ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆదివారం, శ్రీకాకుళం

పొద్దున్న కతోలిక గుడికి వెళ్లాం. శ్రీకాకుళం పేరుతో ప్రత్యేక పీఠం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, 1993లో ఏర్పడింది కానీ ఈ ప్రాంతంలో కతోలిక పని అంతకంటే పాతది. ఫ్రాన్సులోని అన్నెసీ నుంచి సేల్స్ ఫ్రాన్సిస్ సభ గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. మా బాప్టిస్టు గోడలకి ఇక్కడి గోడలు పూర్తిగా వ్యతిరేకం. సిలువ మార్గం పద్నాలుగు స్థలాలు, మరియమ్మ, యోసేపు, అందరూ ఉన్నారు. అందరూ గులాబీ రంగు బుగ్గల ప్లాస్టర్ బొమ్మలే. బొమ్మకి అనుమతి ఉంటే చాలదని అప్పుడర్థమైంది. అచ్చులో పోసి తెచ్చినది గోడ నింపుతుంది, నాగావళి ఒడ్డున ఉన్నామన్న గుర్తు మాత్రం దానిలో ఎక్కడా ఉండదు.

పూజ అయ్యాక ఫాదర్ గారు టిఫిన్ పెట్టించి కూర్చోబెట్టారు. రెండో వాటికన్ మహాసభ 1963లోనే ఫలానా శైలి మాత్రమే తనదని తిరుసభ ఎప్పుడూ అనుకోలేదని రాసిందని, 1964లో పోపు ఆరో పౌలు సిస్టీన్ చాపెల్‌కి కళాకారులను పిలిచి తిరిగి స్నేహం చేద్దామన్నారని చెప్పారు. తర్వాత నేను ఎన్నడూ వినని కథ ఒకటి చెప్పారు.

అన్నెసీ పీఠంలోనే ఆల్ప్స్ కొండ మీద ఆసీ అని ఒక ఊరుంది. అక్కడ క్షయ రోగుల శానటోరియాలు ఉండేవి. ఆ రోగుల కోసం కట్టిన గుడి 1950లో ప్రతిష్ఠ అయింది. కూతూరియే అనే డొమినికన్ గురువు సలహాతో లెజే, మతీస్, షగాల్, రువో లాంటి పేరున్న చిత్రకారులు దానికి పని చేశారు. వాళ్లలో దైవభక్తి లేనివాళ్లు, యూదులు, కమ్యూనిస్టులు కూడా ఉన్నారు. చేవ లేని భక్తుడి కంటే భక్తి లేని గొప్ప కళాకారుడే నయమన్నది కూతూరియే వాదన. బలిపీఠం మీది సిలువ పని జెర్మేన్ రిషియే అనే శిల్పికి ఇచ్చారు. ఆమె చేసిన క్రీస్తుకి ముఖం లేదు. ఎండి చితికిన చెట్టు మాను లాంటి కంచు దేహం. యెషయా యాభై మూడులో చెప్పిన, చూడముచ్చటైన రూపమేదీ లేనివాడు. క్రీస్తుని అవమానించారని గొడవ లేచింది. 1951లో అన్నెసీ బిషప్ దాన్ని తీయించేశారు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ బలిపీఠం దగ్గరికి వచ్చింది. మొదటి నుంచీ దాన్ని తమదిగా చూసింది ఆ రోగులేనట.

"మనకి సువార్త తెచ్చిన ఊరి కథమ్మా ఇది. మన దాకా రాలేదు" అన్నారు ఫాదర్.

తర్వాత తన గదిలో గోడకి ఆనించి పెట్టిన బొమ్మ తిప్పి చూపించారు. బొగ్గుతో గీసినది, మనిషంత ఉంది. కుర్చీలో వెనక్కి వాలిన బక్కపలచటి మగమనిషి. ముఖం సగం చీకట్లో. చాచిన ఎడమ చేయి మీద మాత్రం వెలుగు. మణికట్టు పైన నరం ఉబ్బి, తాడులా మెలికలు తిరిగి ఉంది. కిడ్నీ జబ్బుతో నలిగే ఉద్దానం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. డయాలసిస్ సూదుల కోసం చేసే ఫిస్టులా అది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఏ ఊరికెళ్లినా అలాంటి చేతులు కనిపిస్తాయి. మేకు దిగాల్సిన చోట ఆ ఉబ్బు.

గీసిన అమ్మాయి ఉద్దానం పిల్ల, విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. ఫాదర్ ఫోన్ చేసి ఇచ్చారు.

"నేను క్రీస్తుని వెయ్యలేదు మేడమ్. మా నాన్నని వేశాను. మేం క్రిస్టియన్లం కూడా కాదు. ఫాదర్ గారు చూసి, ఇది శుక్రవారం గుడిలో పెడతానమ్మా అన్నారు" అంది.

మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు పెట్టారట. కొందరు లేచి వెళ్లిపోయారు, ఆస్పత్రి బొమ్మ గుడిలో ఏంటని. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మాత్రం ఆరాధన అయ్యాక కూడా దాని ముందు నుంచి కదల్లేదు. ఒకామె ఆ గీసిన చేతిని తన చీర కొంగుతో తుడిచింది. బొగ్గు చెరిగి అక్కడ మసక పడింది. ఆ మసక ఇంకా ఉంది. సరిచేస్తానని అమ్మాయి అంటే ఫాదరే వద్దన్నారు.

కళాకారుడికి విశ్వాసం ఉండాలా అని చాలా రోజులుగా నాలో నేనే వాదించుకుంటున్నాను. ఉండాలనే అనుకునేదాన్ని. ఆ బొమ్మ ముందు నిలబడ్డాక అలా గట్టిగా అనలేకపోతున్నాను. తండ్రి చేతిని అంత శ్రద్ధగా, అబద్ధం లేకుండా చూసిన పిల్ల సిలువ దగ్గరికి తనకు తెలియకుండానే వచ్చింది. దాన్ని గుర్తు పట్టాల్సిన పని సంఘానిది. ఫాదర్ గుర్తు పట్టారు. మా సంఘంలో అయితే గుర్తు పట్టేవాళ్లమా? ఈ ప్రశ్న నేను మా పెద్దల దగ్గర అడిగి తీరతాను.

సోమవారం, పొందూరు

తిరుగు దారిలో పొందూరు వెళ్లాం. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడికి, మగ్గం మీద నేసే ఖద్దరు. ఆ దవడ పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే పత్తి పోగు తెగకుండా చెత్త మాత్రమే వస్తుంది. మొదటి క్రైస్తవులు హింసల కాలంలో చేప గుర్తుతో ఒకళ్లనొకళ్లు గుర్తు పట్టేవారంటారు. దవడ చేతిలో పట్టుకుని తమ్ముడికి అది చెబితే, వడికే అమ్మ కూడా ఆసక్తిగా వింది. ఆమె తన పని ఆపలేదు.

గంజి పెట్టని గుడ్డ కావాలని అడిగి తీసుకున్నాం. గంజి ఉంటే రంగు సరిగా పట్టదు. సవర కుర్రాడికి పంపడానికే. మేళాల్లో అమ్మే సైజు కాకుండా సండే స్కూలు గది గోడంత గుడ్డ ఉంటే ఇంకా రెండు వరసలు వేస్తానని వాడన్నాడు. ధర విని తమ్ముడు నా వైపు చూశాడు. తర్వాత సగం వాడే ఇచ్చాడు.

బండి ఎక్కే ముందు కుర్రాడికి ఫోన్ చేశాను.

"గుడ్డ బస్సుకి వేస్తున్నాం. పాలకొండలో తీసుకో."

"సరే మేడమ్. పాస్టర్ గారు నిన్న మా ఇంటికొచ్చినారు. నలుచదరం ఒక వైపు తెరిచి వెయ్యమంటన్నారు, తలుపులాగ. అప్పుడు పాతదానికీ దీనికీ తేడా తెలుస్తాదంట. వెయ్యనా?"

"నువ్వేం అనుకుంటున్నావు?"

"వేస్తాను. పురుడు పోసిన ముసల్దాన్ని కూడా వేస్తన్నాను. తలుపు పక్కనే కూర్చోబెడతాను. మా నాయనమ్మ తన చెవి పోగులు కూడా వెయ్యమంటంది."